వానకి ముందు కోత

శుక్రవారం పొద్దున ఏడింటికి దేవకుమారి పై తోటలో మూడో వరుస దగ్గర నిలబడి, ఒక నల్లద్రాక్షను వేళ్ళ మధ్య నలిపి, రసాన్ని చక్కెర కొలిచే గాజు మీద పిండింది. దాన్ని కంటి దగ్గర పెట్టుకుని వెలుతురు వైపు తిరిగింది. పదిహేడు పాయింట్ రెండు. నిన్నా అంతే, మొన్నా అంతే. ఆగస్టు నెలాఖరుకి వచ్చినా వారంరోజులుగా ఎండ పొడ లేదు. పండు ఉన్నచోటే ఉండిపోయింది.

తొక్కను కాసేపు నమిలి, గింజను అరచేతిలోకి ఉమ్మి చూసుకుంది. సగం గోధుమరంగు, సగం పచ్చి. ఇంకో ఐదురోజులు ఎండ కాస్తే ఏ గొడవా లేదు. కానీ సముద్రం మీద నుంచి వస్తున్న తుఫాను శనివారం సాయంత్రానికి తమ న్యూజెర్సీని తాకుతుందని ఫోన్ చెబుతోంది. పై తోటలో ఉన్న ఈ పీనో నువార్ రకం నల్లద్రాక్ష గుత్తి చూడటానికి పిడికిలిలా ఉంటుంది. పండుకీ పండుకీ మధ్య సూది కూడా దూరదు. అందులోకి వాననీళ్ళు దిగితే పళ్ళు ఉబ్బి, ఒకదాన్నొకటి నొక్కుకుని పగులుతాయి. రెండో రోజుకి కుళ్ళు. నాలుగో రోజుకి తోటంతా పుల్లటి కంపు.

ఈ ఏడు మొదటినుంచీ ఇంతే. మే నెల మధ్యలో, అందరూ చలికోట్లు అటకెక్కించాక, ఒక తెల్లవారుజామున గడ్డమంచు పడింది. ఉన్నది ఒకటే పెద్ద ఫ్యాన్. దాన్ని పై తోటలో తిప్పి, గాలి కదిలిస్తూ మంచు పట్టకుండా అక్కడి చిగుళ్ళు కాపాడుకున్నారు. చల్లగాలి పల్లానికి దిగి కింది తోటలో మడుగు కట్టింది. ఎండ ఎక్కేసరికి అక్కడి షార్డనే అనే తెల్లద్రాక్ష తీగల మీద చిగుళ్ళన్నీ ఉడకబెట్టిన ఆకుకూరలా వేలాడిపోయాయి. రెండు వారాల తరవాత ఆ కణుపుల్లోంచే రెండో మొగ్గలు లేచాయి గానీ, వాటి కాపు పలచన, ఆలస్యం కూడా. ఆ పైన జూన్, జూలై అంతా వానలు, ఆకులకి బూజు తెగులు. గుత్తులకి గాలి ఆడాలని, పొద్దుటి ఎండ తగిలే వైపు ఆకులన్నీ దేవకుమారి, కూలీల మేస్త్రీ ఎఫ్రయిన్ తెచ్చిన మనుషులు కలిసి చేత్తో తుంచారు. ఆమె గోళ్ళ కింద ఆకుపచ్చ మరక ఇప్పటికీ పోలేదు.

తోట యజమాని రూత్‌కి డెబ్బై దగ్గర పడ్డాయి. ముప్ఫై ఏళ్ళుగా ఈ కొండవాలు మీద ద్రాక్ష పండించి బుడగల వైన్ చేస్తోంది. బాపట్లలో హార్టికల్చర్ చదివి, ఇక్కడ ద్రాక్ష తెగుళ్ళ మీద ఎం.ఎస్. చేసిన దేవకుమారిని, ఒక ఆకు చేతికిచ్చి దానికేం రోగమో చెప్పమని అడిగి, సరిగ్గా చెప్పినందుకు ఉద్యోగంలోకి తీసుకుంది. మూడేళ్ళయింది. అందులో ఒక ఏడాది మాత్రం ఇద్దరి మధ్యా ముల్లులా ఉండిపోయింది. రెండేళ్ళ కింద దేవకుమారి మాట మీద వారం ముందు కోశారు. ఆ వైన్ నీళ్ళలా, పచ్చి ఆపిల్ తొక్క రుచితో తేలింది. రూత్ పల్లెత్తు మాట అనలేదు. అదే దేవకుమారికి ఎక్కువ కష్టంగా ఉండేది.

ఎనిమిదింటికి రూత్ వచ్చి అంకె అడిగింది. దేవకుమారి చెప్పింది. బుధవారం దాకా ఆగుదామంది రూత్.

“బుధవారానికి ఇక్కడ కోయడానికేం ఉండదు రూత్.”

“క్రితంసారి కూడా ఇలాగే అన్నావు.”

దేవకుమారికి మొహం వేడెక్కింది. అప్పుడు తను భయపడింది, ఇప్పుడు చూసి చెబుతోంది. ఆ తేడా ఎలా చెప్పాలో తెలియలేదు. చివరికి తనకి తెలిసిన మాటే చెప్పింది. బుడగల వైన్‌కి తీపి తక్కువైనా నడుస్తుంది, పులుపే దానికి ప్రాణం. పచ్చిపండుతో ఏదో ఒకటి చేసుకోవచ్చు, కుళ్ళిన పండుతో చేసేదేమీ లేదు. రూత్ గుత్తుల్ని పట్టుకుని చూస్తూ వరుస చివరిదాకా నడిచి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. మనుషులు దొరికితే రేపు కోయమంది. పై తోట, కింది తోట, రెండూ.

మనుషులు దొరకడమే కష్టం. ఎఫ్రయిన్ ముఠా మొత్తం శనివారానికి ఒక టమాటా ఫారమ్‌కి మాట ఇచ్చేసింది. తుఫాను భయం వాళ్ళకీ ఉంది కదా. తనతో కలిపి నలుగురిని తెస్తానన్నాడు. కావలసింది కనీసం ఇరవై మంది. మధ్యాహ్నం దాకా దేవకుమారి ఫోన్లు చేస్తూనే ఉంది. చుట్టుపక్కల తోటలన్నిటిదీ అదే అవస్థ.

ఆ సాయంత్రం పిస్కాటవేలో దైవాశీర్వాదం గారింట్లో ప్రార్థన కూడిక. ఆయన దేవకుమారి వెళ్ళే తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. రేపల్లె నుంచి వచ్చి పాతికేళ్ళయింది, ఫార్మా కంపెనీలో క్వాలిటీ చూస్తారు. సంఘంలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు తలుపు తట్టేది ఆయనే. దేవకుమారి ఆ సంఘంలోనే సండేస్కూల్ చెబుతుంది. తను ఫ్రూట్ ఫారమ్‌లో పని చేస్తానని మొదటిరోజు చెప్పింది. ఏ ఫ్రూట్ అని అడిగినవాళ్ళకి ద్రాక్ష అంది. అక్కడితో ఆపేసింది. అబద్ధం ఆడలేదు కదా అని ఆమె భర్త వినయ్ కుమార్ అంటుండేవాడు. ఆ మాట అన్న ప్రతిసారీ ఆమెకి అది అబద్ధంలాగే వినిపించేది.

పాటలయ్యాక ప్రార్థన మనవులు మొదలయ్యాయి. ఒకరు గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ గురించి చెప్పారు, ఒకరు తల్లి ఆపరేషన్ గురించి. దేవకుమారి లేచి, రేపు సాయంత్రం దాకా వాన ఆగాలనీ, తోటలో పంట కోతకొచ్చిందనీ చెప్పింది. దైవాశీర్వాదం గారు వెంటనే కళ్ళు మూసుకున్నారు. “మా చెల్లెలి కష్టార్జితమైన ఆ ద్రాక్షపళ్ళను” అంటూ ఆయన గొంతు ఎత్తేసరికి ఆమె అడ్డుపడింది.

“అంకుల్, ఆగండి.”

గదిలో అందరూ కళ్ళు తెరిచారు.

“అవి తినే పళ్ళు కావు అంకుల్. వైన్ చేస్తారు వాటితో. నేను పని చేసేది వైన్ తోటలో. మూడేళ్ళుగా మీకు సరిగ్గా చెప్పలేదు.” ఊపిరి తీసుకుంది. “నేను తాగను. కానీ ఆ తోట నా చేతుల మీద పెరిగింది. రేపు కోయడానికి మనుషుల్లేరు. ఎవరైనా వస్తారేమోనని అడుగుదామనుకున్నాను.”

ఎవరి ఫోనో సన్నగా మోగి ఆగిపోయింది. దైవాశీర్వాదం గారు కోపగించుకోలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన తమ్ముడి సంగతి అక్కడ అందరికీ తెలుసు. సారా తాగి తాగి ముప్ఫై నాలుగేళ్ళకే పోయాడు. అతని కూతురు అబిగేల్‌ని మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకుని ఆయనే పెంచారు. ఇరవై రెండేళ్ళ ఆ పిల్ల ఇప్పుడు వంటగది గుమ్మంలో టీ కప్పుల ట్రేతో నిలబడి ఉంది.

“దీనికి నేను ప్రార్థన చెయ్యలేనమ్మా,” అన్నారాయన. “నాకు నోరు రాదు.”

ఆమె తల ఊపి కూర్చుంది. కూడిక అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే వందనాలు చెప్పినవాళ్ళు ఇద్దరే. కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వినయ్ కుమార్, తను రేపు వస్తున్నాననీ, కత్తెర పట్టుకోవడం పొద్దున్నే నేర్పమనీ అన్నాడు. ఇంటికి వచ్చాక పక్క అపార్ట్‌మెంట్ రాధారాణికి ఫోన్ చేసింది దేవకుమారి. కరీంనగర్ మనిషి, సాఫ్ట్‌వేర్‌లో పని. సంగతంతా చెప్పబోతే రాధారాణి మధ్యలోనే ఆపింది.

“నీకు మనుషులు గావాలె, గంతే గదా. ఎన్నింటికి రావాలెనో చెప్పు.”

శనివారం తెల్లారేసరికి మబ్బు తోట మీదికి దిగి ఉంది. ఆరున్నరకి లెక్కపెడితే పదమూడు మంది. ఎఫ్రయిన్‌తో కలిపి నలుగురు, రూత్, తను, వినయ్ కుమార్. సంఘం నుంచి యూనివర్సిటీ స్టూడెంట్లు ఇద్దరు, సంకోచంగా, టోపీలు కిందికి లాక్కుని. రాధారాణి కార్లోంచి ఆమె, ఆమె ఆఫీసు వాళ్ళిద్దరు, వెనకసీట్లోంచి అబిగేల్.

దేవకుమారి గబగబా కారు దగ్గరికి నడిచింది.

“పెదనాన్నకి చెప్పే వచ్చాను ఆంటీ,” అంది అబిగేల్, తన అమెరికా తెలుగులో. “వద్దు అనలేదు. కానీ కార్ కీస్ ఇవ్వలేదు. సో మీ ఇంట్లో కలిసిన రాధారాణి ఆంటీని రైడ్ అడిగాను.”

ఇక మాట్లాడే టైము లేదు. పక్షులు తినకుండా కప్పిన వలలు ఎత్తాలి, కొత్తవాళ్ళకి కోత నేర్పాలి. గుత్తిని కింద అరచేత్తో పట్టుకుని కాడ దగ్గరే కత్తిరించమంది, మచ్చ పడ్డ పండు కనిపిస్తే అక్కడే గిల్లి పారేయమంది, ట్రేని సగానికి మించి నింపొద్దంది. నలిగితే రసం నల్లబడుతుంది.

ముందు ఏ తోట అన్న దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. పదమూడు మందితో రెండు తోటలూ అయ్యే పని కాదు. కింది తోట నుంచి మొదలుపెట్టమంది రూత్. తన వైన్‌కి పేరు తెచ్చింది ఆ షార్డనేయేననీ, మంచు మిగిల్చిన ఆ కాస్తా వానకి వదిలేస్తే ఈ ఏడు తన తోటది అనడానికి ఏమీ ఉండదనీ ఆమె బాధ. దేవకుమారికీ ఆ తోట మీదే ప్రాణం. మంచు కాటేసిన తీగల్ని వేసవంతా ఒక్కొక్కటే చూసుకున్నది తనే. కానీ అక్కడ గుత్తులు పలచగా ఉన్నాయి, పండుకీ పండుకీ మధ్య గాలి ఆడుతోంది. వాన వచ్చి పోయినా ఆరిపోతాయి. పైగా ఒకే తీగ మీద పండినవీ పచ్చివీ కలిసి ఉన్నాయి. అవి ఏరి కోయడం కొత్తచేతుల వల్ల కాదు.

“పై తోటే కోద్దాం. కింది తోట నిలుస్తుంది,” అంది.

“నిలవకపోతే?”

“తప్పు నాది.”

రూత్ ఆమె మొహంలోకి చూసింది. కత్తెర తీసుకుని పై తోట మొదటి వరుసలోకి నడిచింది.

ఇరవై రెండు వరుసలు. పది గంటలకి ఎనిమిది అయ్యాయి. కత్తెరల చప్పుడు, ట్రాక్టర్ చప్పుడు తప్ప మాటల్లేవు. వినయ్ కుమార్ నడుం పట్టుకుని నిలబడి మళ్ళీ వంగుతున్నాడు. రాధారాణి ఎఫ్రయిన్ పక్కనే పడి, అతను రెండు ట్రేలు నింపేలోపు ఒకటి నింపుతోంది. దేవకుమారి గంటకోసారి ఫోన్ తీసింది. సాయంత్రం ఆరు అన్న వాన మధ్యాహ్నం మూడైంది, తరవాత రెండైంది. పదకొండున్నరకి చూస్తే ఒంటిగంట. ఆమె ఎవరికీ చెప్పలేదు. నీళ్ళ సీసాలు తనే మోసుకెళ్ళి ఇచ్చింది, ఎవరూ వరుస వదిలి రాకుండా.

పన్నెండున్నరకి గాలి తిరిగింది. ఆకులన్నీ ఒక్కసారిగా వెల్లకిలా పడి తెల్లగా మెరిశాయి. ఇంకా నాలుగు వరుసలున్నాయి. సన్నగా తుంపర మొదలైంది. అయినా కోస్తూనే ఉన్నారు. వేళ్ళు జారుతున్నాయి, టోపీ అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఒక్కో ట్రే షెడ్డు చేరుతుంటే దేవకుమారి నోట్లో ఎవరికీ వినపడని ప్రార్థన ఒకటి తిరుగుతోంది. రెండు వరుసలు మిగిలాయి.

అప్పుడు మెరిసింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేలోపే ఉరుము దద్దరిల్లింది. ఎఫ్రయిన్ కత్తెర కింద పడేసి ఆమె వైపు చూశాడు. వరుస వరుసకీ స్తంభాల మధ్య గట్టిగా లాగి కట్టిన ఉక్కు తీగలున్నాయి. ఆ మూల ఎక్కడ పిడుగు పడ్డా, ఈ మూల తీగ ముట్టుకున్నవాడికి తగులుతుంది. రెండు వరుసలంటే మూడో వంతు టన్ను పండు. ఇంకో ఇరవై నిమిషాలు చాలు. ఆమె ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆలోచించింది. ఆ క్షణానికి తరవాత చాలా రోజులు సిగ్గుపడింది.

“అందరూ బయటికి. ట్రేలు వదిలేయండి. తీగలు ముట్టుకోవద్దు. షెడ్డులోకి నడవండి.”

షెడ్డు రేకుల మీద వాన హోరుమంటోంది. రాధారాణి వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. పన్నెండు. మళ్ళీ లెక్కపెట్టింది.

“అబిగేల్ ఏదీ?”

దేవకుమారి అప్పటికే పరుగు తీసింది. వినయ్ కుమార్ వెనక నుంచి పిలవడం వినపడింది. బురద మడమల పైకి ఎక్కుతోంది. వరుసకి ఆ చివర, వాలు అంచున, అబిగేల్ ఒంగి ఉంది. చెవుల్లో ఇయర్‌బడ్స్. గాలికి పైనుంచి ఊడిపడ్డ వల ఆమె జడకీ భుజానికీ చుట్టుకుంది. విడిపించుకుందామని ఎడమచేత్తో పై ఉక్కు తీగను పట్టుకుని లాగుతోంది. వేలు తెగి మోచేతి దాకా రక్తం కారుతోంది.

“చెయ్యి తియ్. తీగ వదులు అబిగేల్, వదులు.”

పిల్ల ఉలిక్కిపడి వదిలింది. దేవకుమారి మోకాళ్ళ మీద కూర్చుని వలను కత్తెరతో కోసింది. తొందరలో వలతో పాటు జడ చివర కొంచెం తెగింది. తల పైన మళ్ళీ మెరిసింది. ఈసారి వెలుగూ చప్పుడూ ఒక్కటే. కొండ అవతల ఎక్కడో చెట్టు విరిగిన శబ్దం. ఇద్దరూ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని, వరుసల మధ్య గడ్డిలో నడుములు వంచి నడిచారు. షెడ్డు చేరేదాకా దేవకుమారికి ద్రాక్ష అనేది గుర్తే లేదు. దైవాశీర్వాదం గారి కళ్ళద్దాలు, వాటిని తుడుచుకున్న పద్ధతి, అవే కళ్ళ ముందున్నాయి.

రూత్ తనే అబిగేల్ వేలు కడిగి కట్టు కట్టింది. తడిసిన స్వెటర్ తీయించి తన కోటు కప్పింది. తరవాత దేవకుమారి దగ్గరికి వచ్చి, ఎంత వచ్చిందని అడిగింది. ఇరవై వరుసలు, ట్రేలు మూడొందల పైచిలుకు అంది దేవకుమారి. రూత్ బయట వానలో నానుతున్న రెండు వరుసల వైపు చూసి, ద్రాక్ష పిండే ప్రెస్ ఆన్ చేయడానికి వెళ్ళింది.

ఆదివారం ఆరాధన అయ్యాక దైవాశీర్వాదం గారు పార్కింగ్‌లో ఆమె కోసం ఆగారు. దేవకుమారి దగ్గరికి వెళ్ళి, తనే ముందు క్షమాపణ చెప్పుకుంది. పిల్లకి దెబ్బ తగిలిందనీ, పిడుగుల మధ్య చిక్కుకుందనీ, బాధ్యత తనదేననీ ఏదీ దాచకుండా చెప్పింది.

“అబిగేల్ చెప్పింది,” అన్నారాయన. “నువ్వు వెనక్కి పరిగెత్తావని కూడా చెప్పింది.” కాసేపు తాళాల గుత్తితో ఆడుకున్నారు. “నిన్న మధ్యాహ్నం ఉరుములు మొదలైనప్పుడు మోకాళ్ళ మీదే ఉన్నాను దేవమ్మా. పళ్ళ కోసం కాదు. అక్కడున్న మనుషుల కోసం.”

ఆమె రెండు చేతులూ జోడించింది.

“సండేస్కూల్ సంగతి మాత్రం కమిటీలో మాట్లాడాలి. నేనొక్కణ్ణే తేల్చేది కాదు. నువ్వు ముందే చెప్పుంటే బాగుండేది.”

“అవును అంకుల్. బాగుండేది.”

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి తీసి, కారెక్కారు. కమిటీ రెండుసార్లు కూర్చుని ఏమీ తేల్చలేదు. పిల్లలకి చెప్పడానికి వేరే ఎవరూ ముందుకి రాకపోవడంతో, ఆదివారాలు ఆమె క్లాసు మామూలుగానే సాగింది. కొందరు తల్లులు మాత్రం పిల్లల్ని దింపి, ఆమె మొహం చూడకుండా వెళ్ళేవారు. అది ఆమెకి గుచ్చుకునేది. అయినా ఇప్పుడు ఎవరేం అడిగినా తడుముకోకుండా జవాబు చెప్పగలిగేది.

పై తోటలో వదిలేసిన రెండు వరుసలు మంగళవారానికే కుళ్ళిపోయాయి. వాటి దగ్గరికి వెళ్ళి నిలబడింది రూత్. వాసన చూసి, ముక్కు మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి వచ్చింది. కింది తోటకి మాత్రం రోజూ రెండుపూటలా వెళ్ళింది. దేవకుమారి కూడా వెళ్ళింది, వేరే వేళల్లో. మూడోవంతు గుత్తులకి మచ్చ వచ్చింది. నిద్ర పట్టని నాలుగు రోజులు గడిచాయి. ఐదోరోజు పొడి గాలి తిరిగి ఎండ కాసింది. మచ్చ అక్కడితో ఆగింది. మిగిలిన గుత్తులు ఆరి, గట్టిపడి, తుఫాను తరవాత పదకొండో రోజుకి కోతకొచ్చాయి.

ఆ కోతకి ఎఫ్రయిన్ ముఠా మొత్తం వచ్చింది. తనూ రానా అని అబిగేల్ ఫోన్ చేసి అడిగింది. పెదనాన్నతో మాట్లాడి రమ్మంది దేవకుమారి. ఆమె రాలేదు. దేవకుమారి మళ్ళీ అడగలేదు. పచ్చివి తీగ మీదే వదిలి, పండినవే ఏరి కోశారు. మామూలు ఏడాది వచ్చే దాంట్లో సగం కంటే తక్కువ. కానీ శుభ్రమైన పండు.

మధ్యాహ్నం ప్రెస్ నుంచి మొదటి రసం సన్నటి ధారగా దిగింది. రూత్ రెండు గ్లాసుల్లో పట్టి ఒకటి దేవకుమారికిచ్చింది. ఇంకా వైన్ కాదు, ద్రాక్షరసమే. దేవకుమారి ఒక గుక్క తాగింది. పులుపు దవడల వెనకదాకా పాకింది. వెంటనే దాని అడుగున తీపి తగిలింది, నీళ్ళగా కాదు, చిక్కగా. పై తోట రసం ఇంతకంటే పలచన. రెండూ కలిస్తే ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేరు.

“ఇది కూడా ఆపిల్ తొక్కలా వస్తుందంటావా?” అంది రూత్.

“తెలీదు. సీసాలో ఏడాదైనా ఉండాలి కదా.”

రూత్ నవ్వలేదు గానీ, గ్లాసు ఖాళీ చేసింది. వచ్చే ఏడు కోత తేదీ నువ్వే పెట్టు, నన్ను అడగొద్దు అంది. పెట్టేముందు అడుగుతానంది దేవకుమారి. సరే, అడుగు అంది రూత్.

ఎఫ్రయిన్ బయటి నుంచి పిలిచాడు. వలలు తడిగా ఉన్నాయట, చుట్టి లోపల పెడితే బూజు పట్టిపోతాయి. దేవకుమారి గ్లాసు కడిగి బోర్లించి, ఎండ ఉండగానే వాటిని కంచె మీద ఆరేయడానికి వెళ్ళింది.